షుగరు పరీక్షకు పది రోజుల ముందే నిష్ఠ మొదలవుతోంది, ఆ తర్వాత అంతా మామూలే. మీరు ఎలా నిలబెట్టుకున్నారు?

మబ్బుచాటు
టైప్ 2 మధుమేహం అని తెలిసి నాలుగేళ్లు. ఏం తినాలో తెలుసు, ఎంత నడవాలో తెలుసు, మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో తెలుసు. ఎవరైనా అడిగితే గంటసేపు చెప్పగలను. చిక్కంతా చేయడం దగ్గరే. డాక్టరు దగ్గరికి వెళ్లే తేదీ పది రోజుల్లో ఉందనగా నడక మొదలవుతుంది, తీపి ఆగుతుంది, సొరుగులోంచి షుగరు చూసే మీటరు బయటికి వస్తుంది. పరీక్ష అయిన మర్నాడు అన్నీ అటకెక్కుతాయి. మొదట్లో 7.1 ఉన్న హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగరును చెప్పే రక్తపరీక్ష) ఈసారి 8.4 వచ్చింది. డాక్టరు కోప్పడలేదు. "మీకు తెలియనిది నేను కొత్తగా చెప్పేదేమీ లేదు" అన్నారు. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

క్రమశిక్షణ పెంచుకోమనే సలహా దయచేసి వద్దు. రోజువారీ బతుకులో దీన్ని ఇమిడ్చుకున్నవాళ్లు అసలు ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి.

లెక్కలమాస్టారు
పది రోజుల నిష్ఠతో హెచ్‌బీఏ1సీని ఏమార్చలేరు. ఎర్రరక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఆ కాలమంతా రక్తంలో ఉన్న గ్లూకోజ్ దాని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటూనే ఉంటుంది. 8.4 అంటే మీ సగటు షుగరు 194 దగ్గర తిరుగుతోందని అర్థం. 7.1 ఉన్నప్పుడు అది 157.

విశ్రాంత_నర్సు
మాస్టారి మాటకు ఒక్క సవరణ. మూడు నెలలూ సమానంగా లెక్కలోకి రావు, ఆ అంకెలో దాదాపు సగం వాటా చివరి నెలది. కాబట్టి మబ్బుచాటు గారి పది రోజులూ దాన్ని కాస్త కిందికి లాగే ఉంటాయి. అందులో సంతోషించాల్సిందేమీ లేదు. చుట్టాలు వస్తున్నారని హడావిడిగా సర్దిన ఇల్లు ఎలా ఉంటుందో, డాక్టరు చూస్తున్న మీ రిపోర్టు అలా ఉంటుంది. మందు మోతాదు ఆ సర్దిన ఇంటిని చూసే నిర్ణయిస్తారు. మామూలు రోజుల సంగతి వాళ్లకు తెలియాలి.

మబ్బుచాటు
సర్దిన ఇల్లు. సరిగ్గా అదే. వచ్చేసారి ఈ మాట డాక్టరుకు నేనే చెబుతాను.

రాత్రిషిఫ్టు
నాది రాత్రి ఉద్యోగం. "తెల్లవారుజామున లేచి నలభై నిమిషాలు నడవండి" అని చెప్పినవాళ్లంతా నేను ఆ సమయానికి అప్పుడే ఇంటికి చేరి పడుకోబోతున్నానని మరచిపోయారు. రెండేళ్లు ఆ నడక కుదరక, కుదరనందుకు నన్ను నేను తిట్టుకుంటూ గడిపాను. తర్వాత మా మధుమేహ శిక్షకురాలు అడిగింది: "నడక సంగతి వదిలేయండి, మీరు రోజుకు ఎన్నిసార్లు తింటారు?" మూడుసార్లు అన్నాను. "అయితే తిన్న ప్రతిసారీ పది నిమిషాలు తిరగండి, అది ఉదయమా అర్ధరాత్రా అన్నది కండరానికి తెలియదు" అంది.

పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటుందట. తిన్న తర్వాత షుగరు పైకి లేస్తున్న సమయంలోనే కాళ్లు కదిలిస్తే ఆ ఉబుకు తగ్గుతుంది. ఆఫీసు నడవాలోనే తిరుగుతాను. రోజుకు ముప్పై నిమిషాలు అయిపోతాయి, ఎక్కడా ప్రత్యేకంగా సమయం తీసింది లేదు.

చిన్నడుగు
రాత్రిషిఫ్టు గారి మాటలో అసలు కిటుకు ఉంది. కొత్త అలవాటుకు ఒంటరిగా నిలబడే బలం ఉండదు, పాత అలవాటుకు కట్టేయాలి. నేను ముందుగా మాత్రల డబ్బా పళ్లు తోముకునే బ్రష్షు పక్కకు మార్చాను. ఏ రోజు మాత్ర ఆ రోజు గదిలో ఉండే డబ్బా. వేసుకున్నానా లేదా అన్న అనుమానం ఆ రోజుతో పోయింది. మూడో నెలలో నడక చేర్చాను, అదీ ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల వల్ల ఒరిగేదేమిటని ఇంట్లో అడిగారు. ఒరిగింది ఏమిటంటే, బూట్లు వేసుకోవడం అలవాటైంది. కష్టమంతా గడప దాటడంలోనే ఉంది, దాటాక కాళ్లు వాటంతట అవే పోతాయి.

ఒక అలవాటు తనంతట తానుగా సాగడానికి ఎన్నాళ్లు పడుతుందో లండన్ పరిశోధకులు లెక్కించారు. సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. మీ పది రోజులు ఎందుకు నిలవడం లేదో ఇప్పుడు అర్థమైందా? మొలక రాకముందే నీళ్లు ఆపేస్తున్నారు.

పాతకాపు
నాకు ఈ చిన్న చిన్న అడుగుల మీద నమ్మకం లేదు. ఐదు నిమిషాల నడకతో మనసుకు తృప్తి, షుగరుకు కాదు. నేను డాక్టరు పర్యవేక్షణలో గట్టిగా ఆహారం తగ్గించి ఎనిమిది నెలల్లో 16 కిలోలు తగ్గాను. ఏడాదిన్నరగా మాత్ర లేకుండా హెచ్‌బీఏ1సీ 6.1 ఉంది. బ్రిటన్‌లో చేసిన డైరెక్ట్ అధ్యయనం 2017లో వచ్చింది, చూడండి. కొన్ని నెలలు రోజుకు సుమారు 850 కేలరీలే ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందులు లేకుండా మధుమేహం హద్దు కిందికి వచ్చారు. 15 కిలోలు, అంతకు పైన తగ్గినవాళ్లలో అది 86 శాతం. మొహమాటపడుతూ చేస్తే ఈ ఫలితాలు రావు.

చిన్నడుగు
మీ 16 కిలోలకు నిజంగా అభినందనలు. కానీ మబ్బుచాటు గారు పది రోజుల కఠిన నియమం చేయలేక కాదు అడుగుతున్నది. పదకొండో రోజు గురించి అడుగుతున్నారు.

విశ్రాంత_నర్సు
పాతకాపు గారి అంకెలు సరైనవే. ఆ అధ్యయనంలోనే మిగతా సగం కథ కూడా ఉంది. రెండో ఏడు పూర్తయ్యేసరికి 46 కాస్తా 36 శాతం అయింది, బరువు తిరిగి పెరగడమే ప్రధాన కారణం. వాళ్లంతా మధుమేహం వచ్చి ఆరేళ్ల లోపువాళ్లు, ఇన్సులిన్ తీసుకోనివాళ్లు. మబ్బుచాటు గారికి నాలుగేళ్లే కాబట్టి ఆ దారి గురించి డాక్టరును అడగడం మంచిదే. సొంతంగా మాత్రం మొదలుపెట్టవద్దు. ఇన్సులిన్ గాని, శరీరం చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయించే గ్లిమిపిరైడ్ జాతి మాత్రలు గాని వాడుతూ తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగరు 70 కిందికి పడిపోవచ్చు. నా ఉద్యోగ జీవితంలో అలా స్పృహ తప్పి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. అందులో సగం మంది "బాగుపడదామనే" మొదలుపెట్టినవాళ్లు.

పాతకాపు
ఒప్పుకుంటున్నాను. నాకూ మొదటి వారమే డాక్టరు ఒక మాత్ర ఆపించారు. ఆ సంగతి ముందే రాసి ఉండాల్సింది.

సూదిమందు_కుర్రవాడు
పక్కనుంచి ఒక మాట. నాది టైప్ 1, పదకొండో ఏట వచ్చింది. ఇప్పుడు ఇరవై ఎనిమిది. "జీవనశైలి జబ్బు" అన్న మాట ఎక్కడ కనిపించినా నాకు ఒళ్లు మండుతుంది. నా శరీరం తన ఇన్సులిన్ కణాలను తనే చంపుకుంది, అందులో నా జీవనశైలి పాత్ర లేదు. "చిన్నప్పుడు తీపి ఎక్కువ తిన్నావా?" అని అడగనివాళ్లు లేరు.

కానీ మబ్బుచాటు గారి మొదటి పోస్టు నేనే రాశానేమో అనిపించింది. పంతొమ్మిదో ఏట నేను కూడా మీటరు పక్కన పడేశాను. ఇన్సులిన్ వేసుకునేవాడిని, అంకె మాత్రం చూసేవాడిని కాదు. చూస్తే నేను తప్పు చేశానని అది చెబుతుందని భయం. ఎనిమిదేళ్లు రోజూ ఐదారుసార్లు పరీక్ష రాసి ప్రతిసారీ మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడిలా ఉండేది. డాక్టర్లు దీనికి మధుమేహ వేదన అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది. పేరు ఉందని తెలిశాక నేను సోమరిని కానని నమ్మకం కలిగింది. మా నర్సు ఒకటే చెప్పింది: "మంచి అంకె, చెడ్డ అంకె అనవద్దు. ఎక్కువ, తక్కువ, మధ్యస్థం అను." నవ్వు వచ్చేంత చిన్న మార్పు. నన్ను మాత్రం తిరిగి మీటరు దగ్గరికి తెచ్చింది అదే.

మబ్బుచాటు
కుర్రవాడా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. సొరుగులో మీటరు ఎందుకు ఉంటోందో నాకు ఇప్పుడు తెలిసింది.

నాన్నకూతురు
ఇంట్లోవాళ్ల వైపు నుంచి నేను చెప్పాలి. మా నాన్నకు షుగరు వచ్చిన మొదటి రెండేళ్లు ఆయన పళ్లెం మీద నా కళ్లు ఉండేవి. "ఇంకొంచెం చాలు", "అది మీరు తినకూడదు", పొద్దున లేవగానే "ఎంత వచ్చింది?" ప్రేమతోనే అడిగాను. ఒక రాత్రి నీళ్లకని లేస్తే ఆయన వంటగదిలో దీపం వేయకుండా నిలబడి తింటున్నారు. నన్ను చూసి చేయి వెనక్కి దాచుకున్నారు. అరవై ఏళ్ల మనిషి, నాకు నడక నేర్పిన మనిషి, నన్ను చూసి భయపడ్డారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

మర్నాటి నుంచి అడగడం మానేశాను. ఆయనకు వేరు వంట మానేసి అందరికీ ఒకటే వంట పెట్టాం. పళ్లెంలో సగం కూరగాయలు, పావు పిండిపదార్థాలు, పావు మాంసకృత్తులు, ఇంట్లో ఎవరి పళ్లెమైనా అంతే. తీపి ఇంట్లో నిల్వ ఉంచడం మానేశాం, అది నా పిల్లలకూ మంచిదే. రాత్రి భోజనం అయ్యాక "నాన్నా, తోడు రండి" అని నడకకు నేను పిలుస్తాను. "మీరు నడవాలి" అనను. ఇప్పుడు ఆయనే తన అంకె నాకు చెబుతున్నారు, అడగకుండానే.

ఆ తర్వాత నేనూ పరీక్ష చేయించుకున్నాను. హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది.

విశ్రాంత_నర్సు
5.7 నుంచి 6.4 దాకా మధుమేహానికి ముందు దశ అంటారమ్మా. బెంగ పెట్టుకోకు, అజాగ్రత్తగానూ ఉండకు. అమెరికాలో ఈ దశలో ఉన్నవాళ్ల మీద పెద్ద అధ్యయనం చేసి 2002లో ఫలితాలు ఇచ్చారు. వారానికి 150 నిమిషాల వ్యాయామం, శరీర బరువులో 7 శాతం తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవాళ్లలో తగ్గింది 31 శాతం. మీ నాన్నతో కలిసి నడుస్తున్న నడక నీకు కూడా మందే.

మబ్బుచాటు
మా ఇంట్లోనూ తెల్లవారగానే మొదటి ప్రశ్న "ఎంత?" అదే పరగడుపు అంకె. రాత్రి తొందరగా తిని, ఏమీ ముట్టకుండా పడుకున్నా పొద్దున 160 ఉంటుంది. రాత్రి పడుకునేటప్పుడు 130. దొంగతిండి తిన్నానని మా ఆవిడ అనుమానం.

లెక్కలమాస్టారు
తిన్నది మీరు కాదు, పెట్టింది మీ కాలేయం. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ వంటి హార్మోన్లు పెరుగుతాయి, శరీరాన్ని లేపడానికి కాలేయం దాచుకున్న గ్లూకోజ్ వదులుతుంది. మధుమేహం లేనివాళ్లలో ఇన్సులిన్ దాన్ని సర్దేస్తుంది. ఈ పోస్టు మీ ఆవిడకు చూపించండి.

మబ్బుచాటు
చూపించాను. కేసు కొట్టేశారు.

లెక్కలమాస్టారు
మంచిది. ఇక మీటరు గురించి. పరగడుపు అంకె ఒక్కటే చూసి లాభం లేదు, అది మీకు ఏం చేయాలో చెప్పదు. వారంపాటు ఒకే భోజనం ఎంచుకోండి. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి చూడండి. ఆ రెండింటి మధ్య తేడా రాయండి, పక్కన ఏం తిన్నారో, తర్వాత నడిచారో కూర్చున్నారో రాయండి. వచ్చే వారం మరో భోజనం. రెండు వారాల్లో మీ శరీరానికి ఏది పడుతోందో ఏ పుస్తకమూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. నా విషయంలో కూరగాయలు, పప్పులు ముందు తిని పిండిపదార్థాలు చివర తింటే తేడా 70 నుంచి 45కు వచ్చింది. తిండి అదే, వరస మారిందంతే.

142కూ 151కీ తేడా చూసి కంగారు పడవద్దు. 100 పైన మీటరు 15 శాతం అటూ ఇటూ చూపించడం ప్రమాణాలకు లోబడిన సంగతే. చేతులు కడుక్కుని తుడుచుకున్నాకే సూది గుచ్చుకోండి, పండు పట్టుకున్న వేలితో చూస్తే పండులోని చక్కెర కూడా లెక్కకు వస్తుంది.

సూదిమందు_కుర్రవాడు
వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చుకోండి. నొప్పి సగం తగ్గుతుంది. పదిహేడేళ్ల అనుభవం.

కొత్తగా_చేరాను
నాకు ఆరు నెలల కిందట తెలిసింది. మాత్రలు వాడితే పరగడుపు 108కి వచ్చింది. తగ్గిపోయింది కదా అని మూడు వారాల కిందట మాత్రలు ఆపేశాను. ఒంట్లో ఏమీ తేడా లేదు, బాగానే ఉంది. ఆపేయవచ్చు కదా?

పాతకాపు
వద్దు. మాత్రలు లేకుండా ఉన్నది ఈ చర్చలో నేనే కాబట్టి నేనే చెబుతున్నాను. నాకు ఆపింది డాక్టరు, ఒక్కొక్కటిగా, పరీక్షలు చేస్తూ.

రాత్రిషిఫ్టు
108 మాత్ర వల్ల వచ్చిన 108. గొడుగు కింద తడవలేదని వాన ఆగిందనుకోకూడదు.

విశ్రాంత_నర్సు
ఒంట్లో తేడా లేకపోవడమే ఈ జబ్బుతో వచ్చిన పెద్ద చిక్కు. 200 ఉన్నా చాలామందికి ఏమీ అనిపించదు. ఈ వారమే డాక్టరును కలవండి, ఆపిన సంగతి దాచవద్దు. మాత్రతో కడుపులో ఇబ్బంది ఉంటే చెప్పండి, భోజనంతో వేసుకోవడమో నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చడమో చేస్తారు. కళ్ల లోపలి పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పరీక్ష కూడా అడగండి. టైప్ 2 బయటపడిన నాడే ఇవి చేయించుకోవాలి, తర్వాత ఏటా.

కొత్తగా_చేరాను
కడుపు ఇబ్బందే అసలు కారణం. చెప్పడానికి సిగ్గేసింది. రేపు ఫోను చేస్తాను.

ఎర్రగన్నేరు
చాలాకాలంగా చదువుతున్నాను, ఎప్పుడూ రాయలేదు. "ఒంట్లో తేడా లేదు" అన్న మాట చూసి రాస్తున్నాను.

నాకు పధ్నాలుగేళ్ల షుగరు. అరికాళ్లలో తిమ్మిర్లు ఉండేవి, తర్వాత తగ్గిపోయాయి. నయమైందని సంతోషించాను. నిజానికి పాదాలకు స్పర్శ పోయింది. ఒక రోజు సాయంత్రం బూటు విప్పితే మేజోడు తడిగా ఎర్రగా ఉంది. బూటులో చిన్న రాయి. పొద్దుటి నుంచి దాని మీదే నడిచాను, ఏమీ తెలియలేదు. చిన్న పుండే కదా అని వారం ఊరుకున్నాను. ఐదు నెలలు పట్టింది మానడానికి, చిటికెన వేలు పోయింది. అంతకంటే ఎక్కువ పోనందుకు ఆ డాక్టరుకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఇప్పుడు రాత్రి పడుకునే ముందు మంచం అంచున కూర్చుని రెండు పాదాలూ చూసుకుంటాను. అరికాలు కనిపించడానికి పిడి ఉన్న అద్దం. వేళ్ల సందులు పొడిగా తుడుస్తాను, లేపనం పాదానికి రాస్తాను గాని సందుల్లో రాయను. బూటులో చేయి పెట్టి చూడకుండా కాలు పెట్టను. ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగను. ఆనెలు నేనే కోసుకోను. అంతా కలిపి రెండు నిమిషాలు. ఈ రెండు నిమిషాలు పధ్నాలుగేళ్ల కిందటే నాకు ఎవరైనా పట్టుబట్టి నేర్పి ఉంటే బాగుండేది.

నాన్నకూతురు
చదివి కళ్లు తడిశాయి. ఇప్పుడే లేచి నాన్న పాదాలు చూసి వచ్చాను. మడమ పగిలి ఉంది, ఆయనకు తెలియదు.

విశ్రాంత_నర్సు
పగుళ్లలోంచి కూడా క్రిములు పోతాయి, రేపే చూపించు. వేడినీళ్లలో కాళ్లు పెట్టనివ్వకు. స్పర్శ తగ్గినవాళ్లు నీటి వేడిని మోచేతితో చూడాలి, పాదంతో కాదు. ఏడాదికోసారి పాదాల స్పర్శ పరీక్ష చేయించాలి, సన్నటి నైలాను పోగు ఆనించి చూస్తారు, నొప్పి ఉండదు.

చిన్నడుగు
ఎర్రగన్నేరు గారూ, ఇంతకాలం రాయలేదన్నారు. ఇకముందు రాస్తూ ఉండండి.

మబ్బుచాటు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. అన్నీ చేయబోవడం లేదని ముందే నిర్ణయించుకున్నాను. రెండే పెట్టుకున్నాను: రాత్రి భోజనం తర్వాత పది నిమిషాల నడక, పడుకునే ముందు పాదాలు చూసుకోవడం. ఇరవై ఒక్క రోజుల్లో నడక ఐదు రోజులు తప్పింది, పాదాలు రెండు రోజులు తప్పాయి. మునుపైతే మొదటి రోజు తప్పగానే మొత్తం వదిలేసేవాడిని. మీటరు సొరుగులోంచి వచ్చి భోజనాల బల్ల మీద ఉంది. మా ఆవిడ "ఎంత?" అనడం మానేసి "వస్తున్నా, ఆగండి" అంటూ చెప్పులు వేసుకుంటోంది. తిన్న తర్వాతి తేడా నడిచిన రోజు 50 లోపు, నడవని రోజు 80 పైన. కాగితం మీద రెండు వరసలూ పక్కపక్కన చూస్తే నాకు ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. డాక్టరుకు ఆ కాగితమే తీసుకెళతాను, తప్పిన రోజులతో సహా.

సూదిమందు_కుర్రవాడు
తప్పిన రోజులు కూడా రాశారు చూడండి, అది నాకు బాగా నచ్చింది.

పాతకాపు
పది నిమిషాలకు 30 తేడానా? నేను అన్న మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. బరువు సంగతి మాత్రం డాక్టరును తప్పకుండా అడగండి.

మబ్బుచాటు
అడుగుతాను. ఎర్రగన్నేరు గారూ, ఒక చిన్న సందేహం. నా పొట్ట అడ్డం వచ్చి వంగితే అరికాలు సరిగా కనిపించడం లేదు. మీ అద్దం పిడి ఎంత పొడవు?

ఎర్రగన్నేరు
మూరెడు ఉంటుంది. చేత్తో పట్టుకోవడం కష్టమైతే అద్దాన్ని నేల మీద గోడకు ఆనించి పెట్టి, దాని ముందు కాలు ఎత్తి చూసుకోండి. దీపం పక్కనుంచి పడాలి, వెనకనుంచి పడితే నీడలో ఏమీ కనిపించదు.